స్టాఫ్‌రూమ్‌లో మీరు అడుగుపెట్టగానే మాటలు ఆగిపోతుంటే

మేడమ్, మీరు అడిగింది ఇది. బయటి నుంచి వచ్చి ప్రిన్సిపాల్‌గా చేరి మూడు నెలలైంది. మొదటి మీటింగులోనే "నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఏ ఇబ్బంది ఉన్నా రండి" అన్నారు. ఒక్కరూ రాలేదు. పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని పలకరిస్తున్నారు. అయినా మీరు స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. మీటింగుల్లో అందరూ తలూపుతారు, బయటికి వచ్చాక ఏదీ జరగదు. పాత ప్రిన్సిపాల్‌కి దగ్గరగా మెలిగిన ఒక సీనియర్ టీచర్ మీతో అంటీముట్టనట్టు ఉంటున్నారు. ఈ టీచర్ల నమ్మకం ఎలా సంపాదించాలి?

నేను పదకొండేళ్లు లెక్కలు చెప్పాను, ఆ తర్వాత పదహారేళ్లు రెండు స్కూళ్లలో ప్రిన్సిపాల్‌గా పనిచేశాను. నాకు తెలిసింది చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

ముందుగా ఆ నిశ్శబ్దాన్ని మీ మీద కోపంగా తీసుకోకండి. మీ టీచర్లకు ఇంకా ఒక విషయం తెలియదు, అంతే. ఈవిడ ముందు ఒక మాట అంటే అది ఎక్కడిదాకా వెళ్తుంది? మేనేజ్‌మెంట్ దాకా వెళ్తుందా, టీచర్ల పనితీరు అంచనా వేసే అప్రైజల్ ఫారంలోకి ఎక్కుతుందా, రేపు మీటింగులో అందరి ముందూ బయటికి వస్తుందా? ఆ జవాబు తెలిసేదాకా తెలివైనవాళ్లెవరైనా నోరు విప్పరు. తలుపు తెరిచే ఉంటుందని మీరు చెప్పారు. లోపలికి వచ్చి చెప్పుకున్న మాట ఏమవుతుందో చెప్పలేదు.

ఈ పాఠం నేను ఒక టీచర్‌ని నొప్పించి నేర్చుకున్నాను. ప్రిన్సిపాల్‌గా నా మొదటి ఏడాది, సాయంత్రం స్కూలు వదిలేశాక, లెక్కల టీచర్ ఒకావిడ నా గదికి వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మాట్లాడారు. "సార్, ఎనిమిదో తరగతి బి సెక్షన్ నా చేతిలో ఉండట్లేదు. బోర్డు వైపు తిరిగితే చాలు, గోల. ఏం చేయాలో తోచట్లేదు" అన్నారు. నాకు సంతోషమేసింది, నన్ను నమ్మి వచ్చారని. మరుసటి వారం రెండుసార్లు ఆ క్లాసులో కూర్చున్నాను. పిల్లల సీట్లు మార్చాం. పాఠం మొదటి ఐదు నిమిషాలు ఎలా నడపాలో కలిసి అనుకున్నాం. పరిస్థితి బాగానే కుదుటపడింది.

ఆరు నెలల తర్వాత అప్రైజల్ వచ్చింది. "మెరుగుపడవలసిన అంశాలు" అన్న గడిలో నేను ఇలా రాశాను: "తరగతి నియంత్రణలో ఇబ్బంది పడ్డారు, సహాయంతో కొంత మెరుగుపడ్డారు." అబద్ధం కాదు కదా అనుకున్నాను, పైగా మెచ్చుకోలు కూడా కలిపానని అనుకున్నాను. ఆవిడ ఫారం రెండుసార్లు చదివారు. పెన్ను తీసి సంతకం పెట్టి, "థాంక్యూ సార్" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఆ స్కూల్లో ఏ టీచరూ నా దగ్గరికి వచ్చి తన క్లాసులో ఇబ్బంది ఉందని చెప్పలేదు. ఆ రెండేళ్లూ స్కూలు చక్కగా నడుస్తోందని నేను నమ్మాను.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆసుపత్రి వార్డుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్టు ఉన్న చోట పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని మొదలుపెడితే, లెక్కలు ఎదురు తిరిగాయి. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడి నర్సులు భయం లేకుండా చెబుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. ఆ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివిన రోజు నాకు గుర్తొచ్చింది నా గదిలో ఆ రెండేళ్ల ప్రశాంతత. కాబట్టి మేడమ్, ఒక్క సమస్యా మీ బల్ల మీదికి రావట్లేదంటే కంగారు పడాల్సింది అక్కడే.

ఇక చేయాల్సిన పనుల్లో మొదటిది, క్లాసులోకి వెళ్లడం రెండు రకాలుగా విడదీయండి. ఆ విభజన కాగితం మీద కూడా పెట్టండి. అప్రైజల్ కోసం వెళ్లే అబ్జర్వేషన్‌కి తేదీ, పీరియడ్ ముందే చెప్పాలి. ఏం చూస్తారో ముందే చెప్పాలి. వారం లోపు కూర్చుని మాట్లాడాలి. రెండో రకం మామూలుగా వెళ్లి పది నిమిషాలు కూర్చుని రావడం. దానికి ఫైలుండదు. నేను ఆ రెండో రకానికి వెళ్లినప్పుడు చిన్న చీటీ మీద ఒకటి రెండు వాక్యాలు రాసి, వచ్చేటప్పుడు టీచర్ బల్ల మీద పెట్టేవాణ్ని. "భిన్నాల లెక్కకి కాగితం మడిచి చూపించారు, వెనక బెంచీ పిల్లలు కూడా లేచి చూశారు" లాంటివి. ఆ చీటీకి నా దగ్గర కాపీ ఉండేది కాదు. మొదట్లో ఒకాయన అడిగారు కూడా, "దీని ఇంకో కాపీ ఎక్కడుంటుంది సార్?" అని. లేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆ ఏడాది అప్రైజల్ అయ్యాక నమ్మారు.

సాయం అడగడానికి వచ్చి చెప్పిన మాట అప్రైజల్‌లోకి రాదని ఒక నియమం పెట్టుకోండి, అది అందరికీ చెప్పండి. దానికి ఒకే మినహాయింపు: పిల్లల భద్రతకు సంబంధించిన విషయమైతే నేను దాచను, పై వాళ్లకు చెప్పి తీరతాను. ఈ మినహాయింపు మొదటి రోజే చెప్పాలి. మాట ఇచ్చాక మధ్యలో కొత్త షరతు కలిపితే పాత నియమాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మీరు పుట్టినరోజుల గురించి రాశారు కాబట్టి ఇంకో పరిశోధన సంగతి చెప్పాలి. అమెరికాలోని షికాగోలో 1988 నాటి ఒక చట్టం స్కూళ్లకు చాలా అధికారాలు ఇచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో కొన్ని స్కూళ్లు బాగుపడ్డాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. ఎందుకని ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు నాలుగు వందలకు పైగా ప్రాథమిక పాఠశాలల సమాచారం పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. స్కూల్లో పెద్దల మధ్య నమ్మకం బలంగా ఉన్న చోట పిల్లలు చదవడంలో, లెక్కల్లో మెరుగుపడే అవకాశం రెండింట ఒకటి. బలహీనంగా ఉన్న చోట ఏడింట ఒకటి. నమ్మకమే నేరుగా పాఠం చెబుతుందని వాళ్లనలేదు. కొత్త పద్ధతి ప్రయత్నించడానికి, తప్పు ఒప్పుకోవడానికి టీచర్లకు ధైర్యం వస్తుంది, పని అక్కడి నుంచి మారుతుంది అన్నారు.

ఒక మనిషిని నమ్మాలా వద్దా అని స్కూల్లో వాళ్లు చూసే విషయాలు నాలుగని ఆ పరిశోధకులిద్దరూ గుర్తించారు: గౌరవం, పని చేతనవడం, మనిషి మీద శ్రద్ధ, మాటకూ చేతకూ పొంతన. ఈ నాలుగింట్లో ఒకటి బాగా దెబ్బతిన్నా చాలు, మిగతా మూడూ కాపాడలేవు. మీరిప్పటిదాకా శ్రమంతా మూడోదాని మీద పెట్టారు. అది అక్కర్లేదని నేననను. కానీ మీ టీచర్లు ఎక్కువగా చూస్తున్నది రెండోదీ నాలుగోదీ అయ్యుండొచ్చు. అంటే ఈవిడకి స్కూలు నడపడం వచ్చా? అన్న మాట మీద నిలబడుతుందా?

స్కూలు నడపడం అంటే పెద్ద పెద్ద ప్రణాళికలు గుర్తొస్తాయి గానీ, టీచర్‌కి అది కనిపించేది సబ్‌స్టిట్యూషన్‌లో, అంటే రాని టీచర్ క్లాసుకి ఇంకొకర్ని పంపడంలో. పొద్దున్నే ముగ్గురు లీవు పెట్టారు. ఎవరి లీజర్ పీరియడ్ పోతుంది? నేను రెండో స్కూల్లో చేరినప్పుడు ఆ పని ఒక ఆఫీసు క్లర్కు చూసేవారు. ఎదురు మాట్లాడని వాళ్ల పేర్లే రోజూ రాసేవారు. ఒక నెల రిజిస్టర్ తిరగేసి లెక్కపెట్టాను. డ్రాయింగ్ మేడమ్‌కి పదిహేడు పీరియడ్లు పడ్డాయి, ఒక సీనియర్ సార్‌కి రెండు. ఆ డ్రాయింగ్ మేడమ్ ఒక్కసారీ ఫిర్యాదు చేయలేదు. స్కూలంటే ఇలాగే ఉంటుందని ఆవిడ ఎప్పుడో నిర్ణయించుకున్నారు.

ఆ లెక్కను స్టాఫ్‌రూమ్ గోడకి అంటించాను. పేర్ల పక్కన గీతలు, ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ కనిపించేలా. తక్కువ పడినవాళ్లకి ముందు వేయాలన్నది నియమం. చివరి వరసలో నా పేరు కూడా రాశాను, వారానికి కనీసం ఒక సబ్‌స్టిట్యూషన్ నేనూ వెళ్లేవాణ్ని. మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు. రెండో వారం స్టాఫ్‌రూమ్ దాటి వెళ్తుంటే ఎవరో ఆ కాగితం ముందు నిలబడి గీతలు లెక్కపెడుతున్నారు. నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ కాగితం చేసినంత పని జరిగేది కాదు.

ఇక మాట మీద నిలబడటం. మన నోట్లో ఒక ప్రమాదకరమైన మాట ఉంది: "చూద్దాం." అల్మారా తాళం పనిచేయట్లేదు సార్ అంటే చూద్దాం. ఏడో తరగతిని రెండు సెక్షన్లు చేయండి అంటే చూద్దాం. అడిగినవాళ్లకు అది "కుదరదు" అనే వినిపిస్తుంది, అయినా మనం కుదరదని అనలేదు కాబట్టి వాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు. కొన్నాళ్లకి అడగడం మానేస్తారు. నేను ఆ మాట మానుకోవడానికి చాలా కష్టపడ్డాను. దాని బదులు మూడే జవాబులు పెట్టుకున్నాను: అవును, కుదరదు ఎందుకంటే ఇదీ కారణం, లేదా ఫలానా రోజు లోపు చెబుతాను. మూడో జవాబు ఇచ్చిన ప్రతిసారీ జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ని. ఆ రోజుకి విషయం తేలకపోయినా వెళ్లి "ఇంకా తేలలేదు, సోమవారం మళ్లీ చెబుతాను" అనాలి. తాళం బాగుచేయించడం చిన్న పనే. కానీ మీ మాట విలువ ఎంతో టీచర్లు కొలిచేది అలాంటి చిన్న పనులతోనే, ఎందుకంటే పెద్ద పనులు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి.

మీటింగుల్లో తలూపడం గురించి ఒక మాట. ఇప్పటికే నిర్ణయం అయిపోయిన విషయం మీద అభిప్రాయాలు అడగకండి. "ఇది నిర్ణయమైపోయింది, ఎలా అమలు చేద్దామో చెప్పండి" అని సూటిగా అనండి. అభిప్రాయం అడిగారంటే, కనీసం ఒక్కటైనా వాళ్ల మాట వల్ల మారాలి, మారినట్టు కనిపించాలి. లేదంటే తలూపడమే వాళ్లకున్న మంచి మార్గం. మీటింగ్ నాలుగున్నరకి అయిపోతుందన్నారంటే నాలుగున్నరకి ముగించండి. అది కూడా గౌరవమే.

పేరెంట్స్ ఫిర్యాదుతో వచ్చినప్పుడు మీరేం చేస్తారన్నది ఆ సాయంత్రానికల్లా స్కూలంతా తెలిసిపోతుంది. ఒక తండ్రి కోపంగా వచ్చి, మా అబ్బాయికి సైన్స్ మేడమ్ కావాలనే మార్కులు తగ్గించారు అని నా బల్ల మీద పేపర్ పెట్టారు. ఇలాంటప్పుడు క్లాసులో ఉన్న టీచర్‌ని ఆఫీసుకి పిలిపించి ఆయన ముందు నిలబెట్టకండి. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. అలాగని "మా టీచర్లు అలా చేయరండీ" అని వెంటనే వెనకేసుకు రావద్దు, నిజమేంటో మీకింకా తెలియదు. నేను ఆయనతో, "టీచర్‌తో మాట్లాడకుండా నేనేమీ అనలేను. రేపు సాయంత్రం ఐదింటి లోపు మీకు నేనే ఫోన్ చేస్తాను" అన్నాను. పేపర్ తీసుకున్నాను.

ఆఖరి పీరియడ్ అయ్యాక మేడమ్‌ని పిలిచి, ఆయన అన్నది అన్నట్టు చెప్పాను, తీపి పూయలేదు. ఆవిడ పేపర్ చూసి మళ్లీ కూడారు. నాలుగో ప్రశ్నకి వేసిన మార్కులు మొత్తంలో కలవలేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. "కూడికలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మిగతా పేపర్లు కూడా ఒకసారి చూడండి. ఆ తండ్రికి మీరే ఫోన్ చేస్తారా, నన్ను చేయమంటారా?" అని అడిగాను. ఆవిడే చేశారు. నేను ఎదురుగా కూర్చున్నాను. పొరపాటు ఒప్పుకుని, మార్కులు సరిచేశానని చెప్పారు. ఆ తండ్రి చాలా మర్యాదగా మాట్లాడి పెట్టేశారు. తర్వాత ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో ఏం చెప్పారో నాకు తెలియదు, కానీ ఆ టర్మ్‌లోనే మరో ఇద్దరు తమ పేపర్లలో పొరపాట్లు దొరికాయని వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నమ్మకం పేరుతో ఎవరినీ ఏమీ అనకుండా ఊరుకుంటే మంచివాళ్లు మిమ్మల్ని వదిలేస్తారు. ఒకరు రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంటే, ఆ పది నిమిషాలు పక్క క్లాసు టీచర్ రెండు గదుల్ని చూసుకుంటుంటే, మీ మౌనం ఆ పక్క క్లాసు టీచర్‌కి ఏమని అర్థమవుతుంది? అలాగని మీటింగులో "కొంతమంది టైముకి రావట్లేదు" అనకండి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అవుతుంది. టైముకి వచ్చే పాతికమంది నొచ్చుకుంటారు, ఆలస్యంగా వచ్చేవారు తన గురించి కాదనుకుంటారు. ఆ ఒక్కరినే పిలిచి, తలుపు వేసి, తేదీలతో సహా మాట్లాడండి. కారణం అడగండి. నిజంగా ఏదైనా ఇబ్బంది ఉంటే మొదటి పీరియడ్ మార్చే వీలుందేమో చూడండి. అడిగే హక్కు మీకుంది, అడిగింది చేయగలిగేలా దారి చూపే బాధ్యతా మీదే. రిచర్డ్ ఎల్మోర్ అనే విద్యావేత్త దీన్ని ఇరువైపులా ఉండే జవాబుదారీతనం అన్నారు. ఎంత అడుగుతారో అంత సాయం చేయాలి.

మీ ప్రశ్నలో లేదు గానీ కచ్చితంగా ఎదురయ్యేది ఒకటుంది. ఇప్పటికే ఎవరో ఒకరు మీ గదికి వచ్చి, గొంతు తగ్గించి, "మీకు తెలియాలని చెబుతున్నా మేడమ్" అని మొదలుపెట్టి ఉంటారు. కొత్త చోట ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాటలు చాలా తియ్యగా ఉంటాయి, లోపలి సంగతులు తెలుస్తున్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఎవరెవరు మీ గదిలో ఎంతసేపు ఉంటున్నారో స్టాఫ్‌రూమ్ చూస్తూనే ఉంటుంది. "ఆ విషయం మీరు ఆవిడతోనే మాట్లాడండి. కావాలంటే ముగ్గురం కలిసి కూర్చుందాం" అనండి. రెండుసార్లు అలా అంటే చాడీలు ఆగిపోతాయి. అవి ఆగిపోయాయన్న సంగతి కూడా స్టాఫ్‌రూమ్‌కి చేరుతుంది.

ఇక ఆ సీనియర్ టీచర్. ఆవిణ్ని మీ వైపు తిప్పుకోవాలని ప్రయత్నించకండి, పాత ప్రిన్సిపాల్ పద్ధతుల్ని ఆవిడ ముందు తక్కువ చేసి మాట్లాడకండి. "ఇక్కడ మారకూడనిది ఏంటి?" అని అడగండి, చెప్పింది రాసుకోండి, అందులో ఒకటైనా అలాగే నిలబెట్టండి. తర్వాత ఆవిడ క్లాసులో కూర్చోవడానికి అనుమతి అడగండి, నేర్చుకోవడానికి. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు. వివియన్ రాబిన్సన్ అనే విద్యా పరిశోధకురాలు, ఆమె సహచరులు 2008లో అప్పటిదాకా వచ్చిన కొన్ని అధ్యయనాలు కలిపి చూసినప్పుడు, ప్రిన్సిపాళ్లు చేసే ఐదు రకాల పనుల్లో పిల్లల చదువు మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపింది టీచర్ల అభ్యాసాన్ని ప్రోత్సహిస్తూ, అందులో తామూ పాల్గొనడం. శిక్షణ ఏర్పాటు చేసి, ప్రారంభోపన్యాసం ఇచ్చి, గదికి వెళ్లిపోయే ప్రిన్సిపాల్‌ని టీచర్లు ఎంతోమందిని చూశారు. చివరిదాకా బెంచీ మీద కూర్చునే ప్రిన్సిపాల్‌ని తక్కువ చూశారు.

ఎన్నాళ్లు పడుతుందంటే, ఒక పూర్తి విద్యా సంవత్సరం ఇవ్వండి. అప్రైజల్ ఒకసారి గడవాలి, పరీక్షలు గడవాలి, ఒకటి రెండు ఫిర్యాదులు రావాలి. ఆ సందర్భాల్లో మిమ్మల్ని చూడకుండా ఎవరూ నమ్మలేరు, నమ్మమని అడగడం కూడా న్యాయం కాదు.

ఇంతకీ ఆ లెక్కల టీచర్ సంగతి. మూడో ఏడాదిలో ఒక రోజు ఆవిడ లీజర్ పీరియడ్‌లో నేనే ఆవిడ దగ్గరికి వెళ్లాను. "మీరు సాయం అడగడానికి వచ్చి చెప్పిన మాటని నేను ఫారంలో రాశాను. అది నా తప్పు. ఆ ఫారంలో ఆ వాక్యం తీసేస్తూ ఒక నోట్ జతచేశాను, ఇదిగో కాపీ" అని ఇచ్చాను. ఆవిడ కాపీ చదివారు. "నేను ఆ రోజు ఇంటికి వెళ్లి ఏడ్చాను సార్" అన్నారు. నేను క్షమించమని అడిగాను. ఆవిడ ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లు దిద్దుకుంటూ ఉండిపోయారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం నా గది తలుపు దగ్గర నిలబడ్డారు. "తొమ్మిదో తరగతిలో బీజగణితం ముగ్గురు నలుగురికి తప్ప ఎవరికీ ఎక్కలేదు సార్. నేను చెప్పే పద్ధతిలోనే ఏదో ఉంది. రేపు మూడో పీరియడ్ వచ్చి కూర్చుంటారా?" అని అడిగారు. వస్తానన్నాను. ఈసారి కుర్చీలో కూర్చున్నారు, ఆ పాఠం గురించి చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం.